బాబుకు ఏడేళ్లు నిండాయి, తండ్రికి ఇచ్చేయాలా?

కర్నూలు జిల్లా నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది. ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు 34 ఏళ్లు. ఎంసీఏ చదివారు. పదేళ్ల కిందట ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేస్తున్న హైదరాబాద్ అబ్బాయితో నిఖా జరిగింది. కాపురం బర్మింగ్‌హామ్‌లో. బాబుకు ఈ మధ్యే ఏడేళ్లు నిండాయి, పాపకు నాలుగు. పిల్లలిద్దరికీ బ్రిటిష్ పాస్‌పోర్టులు, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతి వారికి ఇచ్చే) కార్డులు ఉన్నాయి. ఆమెకు అక్కడ శాశ్వత నివాస అనుమతి ఉంది. భర్తకు పిల్లలంటే ప్రాణమని ఆమే రాశారు. కానీ ఇంటి ఖర్చుకు పది పౌండ్లు కావాలన్నా ఆయనను అడగాల్సిందే, ఆమె బ్యాంకు కార్డు కూడా ఆయన జేబులోనే. రెండుసార్లు చేయి చేసుకున్నాడు. రెండోసారి ఆమె పాపను ఎత్తుకుని ఉండగానే గోడకేసి నెట్టాడు. పోలీసులకు చెప్పలేదు. పసిబిడ్డను చూడటానికి ఇంటికి వచ్చే ప్రభుత్వ నర్సుతో మాత్రం ఒకసారి నోరు విప్పారు.

పోయిన జూన్‌లో తమ్ముడి నిఖాకు భర్త ఒప్పుకోలుతోనే పిల్లల్ని తీసుకుని వచ్చారు. ఆగస్టులో తిరుగు ప్రయాణం. పెట్టెలు సర్దారు గానీ వెళ్లలేదు. అక్టోబరులో లండన్ హైకోర్టు కుటుంబ విభాగం పిల్లలిద్దరినీ కోర్టు వార్డులుగా, అంటే కోర్టు సంరక్షణలో ఉన్నవారిగా ప్రకటించి, వెంటనే తిరిగి తీసుకురమ్మని ఉత్తర్వు ఇచ్చింది. ఇప్పుడు హైదరాబాద్ లాయరు నుంచి నోటీసు వచ్చింది. పదిహేను రోజుల్లో పిల్లల్ని పంపకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్ (పిల్లల్ని కోర్టు ముందు హాజరుపరచమని కోరే పిటిషన్) వేస్తామని దాని సారాంశం.

ఇంట్లో తలో మాట అంటున్నారు. ఆమె మామూ, "ఇండియా హేగ్ ఒప్పందంలో చేరలేదు, నిన్ను ఎవరూ ఏమీ చేయలేరు" అంటున్నారు. వేరే దేశానికి తీసుకెళ్లిన పిల్లల్ని తిరిగి పంపడం గురించిన అంతర్జాతీయ ఒప్పందం అది. అత్తవారి తరఫు పెద్దలు వచ్చి, "బాబుకు ఏడేళ్లు నిండాయి. షరియత్ ప్రకారం వాడు తండ్రి బిడ్డ. వాడిని ఇచ్చెయ్, పాపను నువ్వు ఉంచుకో, ఖులా ఇప్పిస్తాం, కేసులు ఎత్తేయిస్తాం" అన్నారు. ఖులా అంటే భార్య కోరి తీసుకునే విడాకులు. భర్త జెద్దాలో ఉద్యోగం చూసుకుంటున్నాడు. ఆయన అన్న, తల్లి అక్కడే ఉన్నారు. బాబును దాదీ చేతుల్లో పెంచుతానంటున్నాడు. బాబు ఇక్కడి బడికి వెళ్తున్నాడు గానీ యూనిఫాం కుట్టించడానికి దర్జీకి కొలతలు ఇవ్వనన్నాడట. "మనం వెళ్లిపోతాం కదమ్మీ, ఎందుకు?" అని అడిగాడట.

"నేను చేసింది నేరమా? బాబును ఇవ్వకపోతే దీన్‌కు ఎదురు తిరిగినట్టేనా? ఇస్తే మళ్లీ వాడిని చూడగలనా?" ఇవీ ఆమె ప్రశ్నలు (దీన్ అంటే మతధర్మం).

*

అమ్మా, మీ ఆఖరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగతావి తీరుబడిగా ఆలోచించుకోవచ్చు, ఇది మాత్రం ఆలస్యమైతే దిద్దుకోలేనిది. మాట మీద నమ్మకంతో, కోర్టు ఉత్తర్వు లేకుండా, బాబును జెద్దాకు పంపవద్దు. ఈ ఉత్తరంలో నేను అన్నిటికన్నా గట్టిగా "వద్దు" అని చెప్పేది ఇదే.

ఎందుకో చెబుతాను. సౌదీ అరేబియా హేగ్ ఒప్పందంలో లేదు. ఇంగ్లండ్ కోర్టు ఉత్తర్వు గానీ, రేపు మీరు ఇక్కడ తెచ్చుకునే ఉత్తర్వు గానీ అక్కడ తనంతట తాను అమలు కాదు. బాబు తండ్రి ఇకామా (సౌదీ నివాస అనుమతి) మీద ఆధారపడిన వ్యక్తిగా నమోదైతే, దేశం దాటడానికి కావలసిన ఎగ్జిట్ రీఎంట్రీ వీసా తండ్రే అబ్షర్ అనే సౌదీ ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలో తీయాలి. గల్ఫ్‌లో సంసారం చేసిన ఆడవాళ్లెవరిని అడిగినా ఈ సంగతి చెబుతారు. మీరు అక్కడికి వెళ్లాలన్నా వీసా కావాలి, ఉండాలంటే ఎవరో ఒకరి పూచీ కావాలి.

సౌదీ చట్టం తల్లికి పూర్తిగా వ్యతిరేకమని నేను అనను. 2022లో వచ్చిన వారి వ్యక్తిగత హోదా చట్టం ప్రకారం, తల్లిదండ్రులు విడిపోతే పిల్లల్ని దగ్గర పెట్టుకునే హక్కులో తల్లిదే ముందు వరుస. పదిహేనేళ్లు నిండిన పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో తామే ఎంచుకోవచ్చు. అంటే మీకు "ఏడేళ్లు" అని చెబుతున్న పెద్దలు, బాబును పంపమంటున్న దేశంలోనే ఆ లెక్క చట్టంగా నడవడం లేదు. ఇది వారికి చెప్పండి. అయితే ఆ హక్కు అడగాలంటే మీరు ఆ దేశంలో, ఆ కోర్టులో, ఆ భాషలో నిలబడాలి. కర్నూలులో కూర్చుని జెద్దాలో హక్కు సాధించడం ఎంత కష్టమో మీరే ఊహించగలరు.

ఇక మిగతా చిక్కుముడి. మీ ఇంట్లో జరుగుతున్న వాదనలో మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. పిల్లల గురించి ఏ దేశం కోర్టు తీర్పు చెప్పాలి అన్నది ఒకటి. పిల్లలకు చట్టరీత్యా సంరక్షకుడు ఎవరు, అంటే విలాయత్ ఎవరిది అన్నది రెండోది. పిల్లలు రోజూ ఎవరి దగ్గర తిని, ఎవరి పక్కన పడుకోవాలి, అంటే హిజానత్ ఎవరిది అన్నది మూడోది. మీ మామూ మొదటి ప్రశ్నకు సగం జవాబు తెలుసుకుని మూడూ తేలిపోయాయనుకుంటున్నారు. అత్తవారి పెద్దలు రెండో దానికి ఉన్న జవాబును మూడో దానికి అంటగడుతున్నారు.

మీ మామూ అన్న దానిలో నిజం ఉంది. 1980 అక్టోబరు 25న హేగ్‌లో కుదిరిన బాలల అపహరణ ఒప్పందంలో నేటికీ మన దేశం చేరలేదు. చేరమని లా కమిషన్ 2009లో సిఫారసు చేసింది. 2016లో బిల్లు ముసాయిదా కూడా తయారైంది. హింస నుంచి పారిపోయి పుట్టింటికి వచ్చిన తల్లులను ఈ ఒప్పందం దోషులుగా నిలబెడుతుందన్న ఆందోళన గట్టిగా వినిపించడంతో జస్టిస్ బిందల్ అధ్యక్షతన కమిటీ వేశారు. అది 2018లో నివేదిక ఇచ్చింది. విషయం అక్కడే ఆగింది. ఆ ఆందోళన నిజమైనదే, మీ ఉత్తరమే దానికి సాక్ష్యం.

కానీ ఒప్పందంలో లేకపోవడం మీకు రక్షణ కవచమని అనుకోవద్దు. ఆ ఒప్పందం పిల్లలు ఎవరికి చెందాలో తేల్చదు. వాళ్లు అలవాటుగా నివసించిన దేశం కోర్టే ఆ సంగతి తేల్చాలని, అందాకా పదహారేళ్ల లోపు పిల్లల్ని అక్కడికి తిరిగి పంపాలని మాత్రమే చెబుతుంది. అందులో తల్లికి అనుకూలమైన మినహాయింపులూ ఉన్నాయి. తిరిగి పంపితే బిడ్డకు శారీరకంగా గానీ మానసికంగా గానీ తీవ్రమైన ముప్పు ఉందని చూపగలిగితే పంపనక్కరలేదు. తగిన వయసు వచ్చిన బిడ్డ వద్దంటే ఆ మాట వినవచ్చు. ఆరు వారాల్లో తేల్చాలన్న లక్ష్యమూ ఉంది. మనం చేరలేదు కాబట్టి ఆ గడువు మీకు లేదు, ఆ మినహాయింపులూ మీకు హక్కుగా లేవు. ఉన్నదల్లా హైకోర్టు, దాని విచక్షణ.

ఆ విచక్షణ ఎటు మొగ్గుతుందో ముందే చెప్పగలనని ఎవరైనా లాయరు మీతో అంటే లేచి వచ్చేయండి. 2013లో, 2015లో సుప్రీంకోర్టు విదేశీ కోర్టు ఉత్తర్వులకు పెద్ద పీట వేసి పిల్లల్ని తిరిగి పంపమంది. 2017 జూలై 3న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ధోరణిని సరిదిద్దింది. అదీ ఇంగ్లండ్ కోర్టు ఉత్తర్వు ఉన్న కేసే. పిల్లల క్షేమమే అన్నింటికన్నా పైమాట, విదేశీ ఉత్తర్వు చూడవలసిన అంశాల్లో ఒకటి మాత్రమే అని చెప్పి, పాపను ఇక్కడ తల్లి దగ్గరే ఉంచింది. మీ లాయరు మొదట తెరిచేది ఆ తీర్పే. అయితే 2019 మార్చిలో, అమెరికా నుంచి తల్లి హైదరాబాద్‌కు తీసుకొచ్చిన ఇద్దరు చిన్నపిల్లల కేసులో, అదే క్షేమసూత్రం ఆధారంగా వారిని తిరిగి పంపమంది. వాళ్లు పుట్టి పెరిగింది అక్కడే, అక్కడి కోర్టు అప్పటికే వ్యవహారం చేపట్టింది, ఇక్కడ వేళ్లూనుకునేంత కాలం గడవలేదు అని చూసింది. 2022లో వచ్చిన తీర్పులూ ఈ దారిలోనే నడిచాయి. అదే ఏడాది ఒక తీర్పులో మీకు పనికివచ్చే మాట ఒకటి ఉంది. బిడ్డను తిరిగి పంపమనవచ్చు గానీ, బిడ్డతో పాటు వెళ్లమని తల్లిని బలవంతపెట్టలేరు, ఆ నిర్ణయం ఆమెకే వదలాలి అని.

ఈ తీర్పులను మీ పరిస్థితి పక్కన పెట్టి చూడండి. బాబు పుట్టింది, చదివింది బర్మింగ్‌హామ్‌లో. ఇక్కడికి వచ్చి ఏడాది కాలేదు. వాడు దర్జీకి కొలతలు ఇవ్వనంటున్నాడు. న్యాయమూర్తి చాంబర్‌లోకి పిలిచి అడిగితే వాడు ఇదే చెబుతాడు. పాప సంగతి వేరు, నాలుగేళ్ల బిడ్డకు తల్లి ఎక్కడుంటే అదే ఇల్లు. మీ తరఫున బలమైనది ఆయన చేయి చేసుకోవడం, అదీ పాప మీ చంకలో ఉండగా. "రెండుసార్లే" అని మీరే దాన్ని తగ్గించి రాశారు. తగ్గించకండి, పెంచకండి కూడా. ఇంగ్లండ్‌లో 2021 గృహహింస చట్టం అలాంటి హింసను చూసిన, విన్న పిల్లల్ని కూడా బాధితులుగానే లెక్కిస్తుంది. డబ్బు గుప్పిట్లో పెట్టుకుని భార్యను అదుపు చేయడం అక్కడ 2015 నుంచి నేరం. ఆ నర్సు మీరు చెప్పింది రాసుకునే ఉంటారు. ఆ ఆరోగ్య రికార్డు నకలు అడిగే హక్కు మీకు ఉంది. ఇప్పుడే అడగండి. ఇక్కడ ఎవరో సలహా ఇస్తారు, కట్నం కేసు కూడా కలిపేద్దాం, అత్తను కూడా ఇరికిద్దాం అని. జరగనిది ఒక్క వాక్యం చేర్చినా, జరిగిన దానిని కూడా నమ్మరు.

నేరమా అని అడిగారు. మన దేశంలో తల్లి తన పిల్లల్ని దగ్గర ఉంచుకున్నందుకు ఆమెను కిడ్నాపర్‌గా చూడటం మామూలుగా జరగదు. ఇంగ్లండ్‌లో 1984 బాలల అపహరణ చట్టం ఉంది. తండ్రి సమ్మతి లేకుండా బిడ్డను దేశం దాటించడం దాని కింద నేరం. మీరు సమ్మతితోనే వచ్చారు, కాబట్టి ఆ రోజు వాట్సాప్ సందేశాలు, రానూ పోనూ తీసిన టికెట్లు భద్రంగా ఉంచండి. మీకు దగ్గరలో ఉన్న ముప్పు వేరు. తిరిగి తీసుకురమ్మని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది, మీరు పాటించలేదు. అది కోర్టు ధిక్కారం, దానికి జైలు శిక్ష కూడా ఉండవచ్చు. ఏ ఏర్పాటూ లేకుండా రేపు మీరు అక్కడ దిగితే ఇబ్బంది ఎదురయ్యేది ఇందువల్లే. అక్కడి లాయరు సరిచేయగలిగినదీ ఇదే. ఆ ఉత్తర్వు మీ వాదన వినకుండా ఇచ్చినదైతే, ఆ కోర్టు ముందుకు వచ్చి మీ మాట చెప్పుకునే వీలు ఇంకా ఉంది.

ఇప్పుడు దీన్ సంగతి. ఇది మిమ్మల్ని లోపల ఎక్కువ తొలుస్తోందని ఉత్తరం చదివితే తెలుస్తోంది.

హనఫీ అనే సున్నీ న్యాయ సంప్రదాయంలో బాబు ఏడేళ్ల వరకు, పాప రజస్వల అయ్యేవరకు తల్లి హిజానత్‌లో ఉంటారు. పెద్దలు చెప్పింది అంతవరకు నిజమే. కానీ ఈ ఏడేళ్లు ఖుర్‌ఆన్‌లో రాసి ఉన్న సంఖ్య కాదు. న్యాయవేత్తలు ఆలోచించి పెట్టిన గడువు. అందుకే పద్ధతిని బట్టి మారింది. షియా పద్ధతిలో మగబిడ్డకు రెండేళ్లే. మాలికీలో యుక్తవయసు వరకు. షాఫియీలో మంచీచెడూ తెలిసే వయసు వచ్చాక బిడ్డనే ఎంచుకోమంటారు. అబూ దావూద్ సంకలనంలో ఒక హదీసు ఉంది. ఒక తల్లి ప్రవక్త దగ్గరకు వచ్చి, నా భర్త నా కొడుకును తీసుకుపోవాలంటున్నాడు, వీడు నాకు బావి నుంచి నీళ్లు తెచ్చిపెడతాడు, నాకు ఆసరాగా ఉన్నాడు అని మొరపెట్టుకుంది. ప్రవక్త ఆ పిల్లవాడితో, వీరు నీ తండ్రి, ఈమె నీ తల్లి, ఎవరి చేయి పట్టుకుంటావో పట్టుకో అన్నారు. వాడు తల్లి చేయి పట్టుకున్నాడు, ఆమె వాడిని తీసుకుని వెళ్లిపోయింది. బావి నుంచి నీళ్లు తోడి తేగలిగిన పిల్లవాడంటే ఎంతో కొంత ఎదిగినవాడే కదా.

ఖుర్‌ఆన్‌లో ఈ విషయం మీద ఉన్న మాట బఖరా సూరాలో 233వ ఆయత్. బిడ్డ కారణంగా తల్లిని బాధ పెట్టకూడదు, బిడ్డ కారణంగా తండ్రినీ బాధ పెట్టకూడదు అని. రెండు వైపులా చెప్పింది. బాబును మీ నుంచి లాక్కుని జెద్దాలో పెట్టాలనుకునే మీ భర్తకూ అది వర్తిస్తుంది. కొడుకు ముఖం తండ్రికి నెలల తరబడి చూపకపోతే మీకూ వర్తిస్తుంది. పెద్దల ముందు మాట్లాడాల్సి వస్తే ఈ ఆయత్‌తోనే మొదలుపెట్టండి. హేగ్ ఒప్పందం దీన్‌కు వ్యతిరేకమని అక్కడ ఎవరైనా అంటే, మొరాకో 2010లో, పాకిస్తాన్ 2016లో చేరాయని చెప్పండి. పాకిస్తాన్ విషయంలో 2017 మార్చి 1 నుంచి అది అమల్లో కూడా ఉంది. షరియత్ ఆధారిత చట్టాలున్న దేశాలకూ ఒప్పంద దేశాలకూ మధ్య సంభాషణ కోసం 2004 నుంచి మాల్టాలో సమావేశాలు కూడా జరిగాయి.

మన కోర్టుల్లో ఈ ఏడేళ్ల లెక్కకు ఎంత విలువ? 1918లో, ఆనాటి ఆఖరి అప్పీలు కోర్టయిన ప్రీవీ కౌన్సిల్ ఇమాంబందీ కేసులో, ముస్లిం చట్టం ప్రకారం తండ్రే సహజ సంరక్షకుడు, తల్లికి ఉన్నది బిడ్డను దగ్గర ఉంచుకునే హక్కు మాత్రమే అంది. విలాయత్ తండ్రిదన్న పెద్దల మాట అక్కడి నుంచి వచ్చింది. కానీ 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షన్, బిడ్డకు వర్తించే మతచట్టానికి అనుగుణంగానే అయినా, బిడ్డ క్షేమానికి ఏది మంచిదో అదే చూడమంటుంది. బిడ్డకు తెలివి తెలిస్తే వాడి ఇష్టాన్నీ లెక్కలోకి తీసుకోమంటుంది. 2010లో ఒక ముస్లిం కుటుంబం కేసులో సుప్రీంకోర్టు, సంరక్షకత్వం వేరు, బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్నది వేరు అని విడదీసి చెప్పింది. కాబట్టి తండ్రి విలాయత్‌ను మీరు కాదనక్కరలేదు. చదువు, పాస్‌పోర్టు, పెద్ద వైద్యం లాంటి వాటిలో ఆయన మాట ఉంటుందని ఒప్పుకుంటూనే, బిడ్డ నా దగ్గర పెరగాలి అనవచ్చు. ఇలా అడిగితే పెద్దలకూ తలొగ్గినట్టు అనిపించదు, జడ్జికీ మీరు మొండికేసినట్టు కనిపించదు.

ఖులాకు బదులుగా బాబును ఇమ్మన్నారు. ఖులాలో మెహర్ (నిఖా సందర్భంగా భర్త భార్యకు ఇచ్చే, ఇస్తానన్న సొమ్ము) వదులుకోవడం ఉంది. బిడ్డను వదులుకోవడం లేదు. హిజానత్ తల్లికే కాదు, బిడ్డకూ ఉన్న హక్కు, తల్లి దాన్ని బేరంలో పెట్టడానికి వీల్లేదని హనఫీ న్యాయవేత్తలే చెప్పారు. పైగా ఖులాకు భర్త దయ కోసం కాచుకు కూర్చోనక్కరలేదని తెలంగాణ హైకోర్టు 2025లో స్పష్టంగా చెప్పింది.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఇక్కడే ఉండి పోరాడటం ఒక దారి. మీ జిల్లాలోని కుటుంబ కోర్టులో సంరక్షణ పిటిషన్ వేయవచ్చు. పిల్లలు ఇక్కడ మామూలుగా నివసిస్తున్నవారేనా అన్న అభ్యంతరం అవతలివారు మొదటి రోజే లేవనెత్తుతారు. ఆయన వేసే హెబియస్ కార్పస్ మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో విచారణకు వస్తుంది. పాప విషయంలో మీకు మంచి అవకాశం ఉంది, బాబు విషయంలో అంత లేదు. గెలిచినా, ఇంగ్లండ్‌లో ఆ ఉత్తర్వు అలాగే ఉంటుంది. మీరు గానీ పిల్లలు గానీ ఆ గడ్డ మీద అడుగుపెట్టిన రోజు అది మళ్లీ ముందుకు వస్తుంది. రెండేళ్లకు పైగా బ్రిటన్ బయట ఉంటే మీ శాశ్వత నివాస అనుమతి రద్దవుతుంది. పోయిన జూన్ నుంచి లెక్క వేసుకోండి. ఓడిపోతే, అప్పుడు మీ షరతులతో కాకుండా కోర్టు షరతులతో పిల్లలు వెళ్తారు. ఈ దారి ఎంచుకుంటే ఒక్క జాగ్రత్త తప్పనిసరి. పిల్లల్ని నానీ ఇంట్లో కొన్నాళ్లు, పిన్ని ఇంట్లో కొన్నాళ్లు దాచవద్దు. పోలీసులు వచ్చి అడిగితే బడి పేరుతో సహా చెప్పండి. దాచిన తల్లి మీద ఏ కోర్టుకూ జాలి మిగలదు.

షరతులతో తిరిగి వెళ్లడం రెండో దారి. నా మనసు ఇటే మొగ్గుతోంది, ఆ మాట మీకు దాచను. వెళ్లడమంటే ఆ ఇంటికి, ఆ గోడ పక్కకు వెళ్లడం కాదు. మీరు విమానం ఎక్కకముందే మీ తరఫున ఇంగ్లండ్‌లో లాయరు నిలబడి, మీ భర్త చేత కోర్టుకు రాతపూర్వక హామీలు ఇప్పించాలి. వేరే ఇంటి అద్దె ఆయనే కట్టాలి, నెలనెలా భరణం ఇవ్వాలి, ధిక్కారం కోసం గానీ అరెస్టు కోసం గానీ పట్టుబట్టకూడదు, విచారణ జరిగేదాకా పిల్లలు మీ దగ్గరే ఉండాలి, మీ దగ్గరకు ఆయన రాకూడదు. ఈ హామీలు ఉత్తర్వులో చేరాలి, వాట్సాప్‌లో కాదు. పిల్లల్ని సౌదీకి గానీ మరో దేశానికి గానీ తీసుకెళ్లకుండా నిషేధ ఉత్తర్వు అడగాలి. సౌదీ విషయంలో అక్కడి కోర్టులు జాగ్రత్తగానే ఆలోచిస్తాయి. 2005లో, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానంగా కూడా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్, తల్లి ఇంగ్లండ్‌కు తీసుకొచ్చిన ఒక బాలుడిని సౌదీకి వెంటనే తిరిగి పంపాలన్న తండ్రి వాదనను ఒప్పుకోలేదు. ఒప్పందంలో లేని దేశాల విషయంలో బిడ్డ క్షేమమే కొలమానమని న్యాయమూర్తి బారోనెస్ హేల్ రాశారు. 2008లో లెబనాన్ కేసులో, ఏడేళ్లు నిండగానే బిడ్డ దానంతట అదే తండ్రికి పోయే చట్టం ఉన్న చోటికి తల్లీకొడుకులను పంపడం వారి కుటుంబ జీవితాన్ని పూర్తిగా కాలరాయడమేనని అదే సభ చెప్పింది. మీ భర్తే జెద్దా వెళ్లిపోతున్నాడంటే, బర్మింగ్‌హామ్‌లో పిల్లలకు మిగిలే అమ్మానాన్నల్లో మీరొక్కరే అవుతారు. పిల్లలతో కర్నూలుకు తరలిపోవడానికి అనుమతి ఇవ్వమని అక్కడి కోర్టునే అడిగేటప్పుడు ఇది మీకు బలమైన వాదన.

ఈ దారిలో నష్టం లేదని అనను. అనుమతి రాకపోవచ్చు. అప్పుడు పిల్లలు పెద్దయ్యేదాకా, పుట్టింటికి దూరంగా, ఉద్యోగం వెతుక్కుంటూ ఆ చలిలో మీరు ఒంటరిగా బతకాలి. ఎంసీఏ ఉంది, పదేళ్ల విరామమూ ఉంది. దీన్ని తేలికగా తీసుకోమని మీకు చెప్పే అర్హత ఎవరికీ లేదు.

మధ్యవర్తిత్వం మూడోది. మొదటి రెండింటితో కలిపి కూడా నడపవచ్చు. ఇలాంటి కుటుంబాల కోసమే ఇంగ్లండ్‌లో రీయునైట్ అనే స్వచ్ఛంద సంస్థ మధ్యవర్తిత్వం చేయిస్తుంది. మసీదు పెద్దలు కూర్చుని చేసే రాజీ కన్నా దీనికి నేను ఎక్కువ విలువ ఇస్తాను, ఎందుకంటే అక్కడ మీ మాట మీరే చెప్పవచ్చు, మీ తరఫున మామూ చెప్పనక్కరలేదు. ఏది కుదిరినా అది రెండు దేశాల కోర్టుల్లోనూ ఉత్తర్వుగా నమోదైతేనే నిలుస్తుంది.

పెద్దలు చెప్పిన పంపకం, అంటే బాబు ఆయనకు, పాప మీకు అన్నది, నాలుగో దారిగా నేను లెక్కించడం లేదు. తోబుట్టువులిద్దరినీ రెండు దేశాల్లో పడేసి, ఇద్దరు పెద్దవాళ్ల గొడవ తీర్చడం అది.

ఏ దారి ఎంచుకున్నా ఈ రోజు నుంచే చేయగలిగింది ఒకటుంది. బాబును, పాపను వాళ్ల నాన్నతో రోజూ వీడియోలో మాట్లాడనివ్వండి. 2020 జనవరిలో సుప్రీంకోర్టు, దూరంగా ఉన్న తల్లికో తండ్రికో రోజూ ఐదు పది నిమిషాలైనా వీడియో కాల్ ఉండాలని చెప్పింది. మీరు గదిలో ఉండవద్దు, పక్క నుంచి వినవద్దు. బాబు ఏమన్నాడో తర్వాత అడగవద్దు. నాన్న మీద మీకున్న కోపం వాడికి తెలుసు, ఆ బరువు మళ్లీ వాడి మీద పెట్టకండి. కాల్స్ జరిగిన తేదీలు మాత్రం ఒక పుస్తకంలో రాసుకోండి, కోర్టులో అవి మీకే పనికొస్తాయి.

యూనిఫాం కోసం వాడిని బలవంతపెట్టకండి. మామూలు బట్టల్లో రానివ్వమని హెడ్‌మాస్టర్‌ను అడగండి. ఎక్కడుంటామో కోర్టు చెప్పేదాకా అమ్మీకి కూడా తెలియదని వాడికి నిజమే చెప్పండి.

నోటీసుకు జవాబు ఇవ్వకుండా వదిలేయవద్దు. మీకు సొంత సంపాదన లేదని రాశారు. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 చట్టంలోనే ఉంది. 15100కు ఫోను చేయండి, లేదా జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఇంగ్లండ్‌లో బాలల అపహరణ కేసులు చేసే లాయరును వెతకడానికి రీయునైట్‌నే అడగవచ్చు. గృహహింసకు ఆధారం ఉంటే అక్కడా ప్రభుత్వ న్యాయసహాయానికి దరఖాస్తు చేసుకునే వీలుంది, ఆ నర్సు రాసిన రికార్డు అందుకే ముందు కావాలన్నాను. పిల్లల పాస్‌పోర్టులు, ఓసీఐ కార్డులు ఇంట్లో బీరువాలో కాకుండా మీ లాయరు దగ్గర రసీదు తీసుకుని పెట్టండి. మీ భర్త తరఫువారు "రెండు రోజులు చూసి దింపేస్తాం" అని బాబును హైదరాబాద్ తీసుకెళ్లడానికి వస్తే, చూడటానికి మీ ఇంటికే రమ్మనండి, మంచిగా భోజనం పెట్టి పంపండి. పదిహేను రోజుల గడువులో ఎన్ని మిగిలాయో మీరు రాయలేదు. ఎన్ని మిగిలినా, అవి అయిపోయేలోగా ఇక్కడి లాయరునూ అక్కడి లాయరునూ ఒకే ఫోను కాల్‌లో మాట్లాడించి, ఆ తర్వాతే జవాబు మీద సంతకం చేయండి.